అయిదో వంతు మస్టాంగ్‌కు లోహపు భాగాలు: బరువు మోసేవి వేరు, కంటికి కనిపించేవి వేరు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికా ఫైటర్ విమానం పి-51డి మస్టాంగ్‌కు 1/5 కొలతలో, ఫైబర్‌గ్లాస్ ఫ్యూజిలేజ్‌తో (విమానం మొండెంతో), రేడియోతో ఎగిరే నమూనా కడుతున్నారు. రెడీమేడ్ ల్యాండింగ్ గేరు కాళ్లు, ప్లాస్టిక్ ఎగ్జాస్టు గొట్టాలు నచ్చక, వాటిని లోహంతో మీరే చేసుకోవాలనుకుంటున్నారు. మీ దగ్గర చిన్న లేత్, బల్ల డ్రిల్లు, గ్యాస్ టార్చి ఉన్నాయి. మిల్లింగ్ యంత్రం లేదు. ఇత్తడిని వెండి టంకంతో అతకబోతే టంకం పారకుండా గుండ్లుగా నిలబడుతోంది. కాళ్లను కొలత ప్రకారం సన్నగా చేస్తే విరుగుతాయేమోనన్న భయం, విమానమంతటికీ అల్యూమినియం రేకు తొడగాలా అన్న సందేహం కూడా ఉన్నాయి.

ఈ పనిముట్లు చాలు. ఏ ముక్కనైనా మొదలుపెట్టే ముందు అది బరువు మోసేదా, కేవలం కంటికి కనిపించేదా అన్నది మాత్రం తేల్చుకోండి. ఏ లోహం వాడాలి, ఎంత మందం ఉండాలి, ఎలా అతకాలి, ఎంత బిగువుగా కుదరాలి అన్నవన్నీ ఆ జవాబును బట్టే ఉంటాయి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. కనిపించే ముక్కలను దళసరి ఇత్తడితో చేసి, అంచుల్లో ఆ మందం బయటపడి బొమ్మలా కనిపించేట్టు చేస్తారు. మోసే ముక్కలను మాత్రం సులువుగా తెగుతుందన్న ఒక్క కారణంతో, రకం తెలియని మెత్తటి అల్యూమినియం కడ్డీతో తిప్పుతారు.

కాళ్ల గురించి మీ భయానికి లెక్కే సమాధానం చెబుతుంది. అసలు పి-51డి మామూలు ఎగిరే బరువు సుమారు 4,170 కిలోలు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ అయిదో వంతు అయితే బరువు 125వ వంతు కావాలి, అంటే సుమారు 33 కిలోలు. మీ నమూనా 12 కిలోల దగ్గర ఆగుతుందని రాశారు. కాలి అడ్డుకోత వైశాల్యమేమో 25వ వంతే అవుతుంది. అంటే నమూనా పూర్తి 33 కిలోలు ఉన్నా, కాలి లోహం మీద పడే ఒత్తిడి అసలు విమానంలో ఉన్నదానిలో అయిదో వంతే. 12 కిలోలకు ఇంకా తక్కువ. వంపు ఒత్తిడికీ ఇదే లెక్క వర్తిస్తుంది. కాబట్టి తగిన లోహం వాడితే కొలత ప్రకారం చేసిన కాలు బరువుకు విరగదు. అయితే నేల మాత్రం అయిదో వంతుకు తగ్గదు. అసలు విమానం చక్రం వ్యాసం 27 అంగుళాలు, మీది సుమారు 137 మి.మీ. పచ్చికలో అరచేతి వెడల్పు గుంట వస్తే అసలు చక్రం దాన్ని దాటిపోతుంది, మీ చక్రం అందులో దిగబడుతుంది. నమూనాల కాళ్లు వెనక్కి వంగేది ఎక్కువగా ఇలాంటి చోటే.

కాలి పై సిలిండరుకు 6061-టి6 అనే అల్యూమినియం మిశ్రమం కడ్డీ సరిపోతుంది. 7075-టి6 దొరికితే అది ఇంకా గట్టిది, లేత్ మీద చక్కగా తెగుతుంది కూడా. దాన్ని వెల్డింగు చేసే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. రెంటికీ పదునైన టూలు, కాస్త కిరోసిన్ చాలు. కిరోసిన్ లేకుండా తిప్పితే అల్యూమినియం టూలు మొనకు అంటుకుని, నునుపుగా రావలసిన చోట చాళ్లు పడతాయి. లోపల జారే పిస్టన్‌కు గ్రైండింగు చేసిన ఉక్కు కడ్డీ వాడండి. పాత ప్రింటర్లలోనూ స్కానర్లలోనూ ఉండే మెరిసే కడ్డీలు ఇందుకు బాగుంటాయి. అసలు విమానంలోని క్రోమ్ పూతలాగే కనిపిస్తాయి. బేరింగుల కోసం పైపొర గట్టిపరిచి అమ్మే లీనియర్ షాఫ్టులకు మామూలు టూలు దిగదు కాబట్టి, కొనే ముందు ఆకురాయితో ఒక మూల గీసి చూడండి. ఆకురాయి జారిపోతే ఆ కడ్డీని వదిలేయండి.

అల్యూమినియం సిలిండరులో పిస్టన్‌ను నేరుగా జారనివ్వకూడదు, కొన్నాళ్లకే గీరుకుని పట్టేస్తుంది. కింది మూతిలో ఒక కంచు బుష్షు (జారే చోట వేసే తొడుగు), పిస్టన్ పై కొసన మరొకటి ఉండాలి. కాలు పూర్తిగా చాచుకున్నప్పుడు కూడా ఈ రెండింటి మధ్య దూరం పిస్టన్ వ్యాసానికి రెట్టింపు కంటే తగ్గకూడదు. అంతకన్నా దగ్గరైతే పక్కనుంచి దెబ్బ తగిలినప్పుడు పిస్టన్ వాలి బిగుసుకుంటుంది, స్ప్రింగు ఎంత మంచిదైనా పనిచేయదు. 12 మి.మీ. పిస్టన్‌కు బుష్షులో 12 హెచ్7 రీమరు (బెజ్జాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే టూలు) తిప్పితే బెజ్జం 12.000 నుంచి 12.018 మధ్య వస్తుంది, జారడానికి అది చాలు. బుష్షును సిలిండరులోకి కొట్టాకే రీమరు తిప్పాలి. ముందే తిప్పితే, కొట్టేటప్పుడు బుష్షు పిండుకుపోయి బెజ్జం చిన్నదవుతుంది, పిస్టన్ దూరదు.

స్ప్రింగును చేతికి అందిన దానితో సరిపెట్టుకోకుండా లెక్క కట్టి చుట్టుకోండి. తీగ మందాన్ని నాలుగో ఘాతానికి హెచ్చించి 79,000తో గుణించాలి. చుట్టు సగటు వ్యాసం ఘనాన్ని ఎనిమిదితోనూ పనిచేసే చుట్ల సంఖ్యతోనూ గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఒక్కో మి.మీ. నొక్కుకు ఎన్ని న్యూటన్లు కావాలో వస్తుంది. పియానో తీగ 1.6 మి.మీ., సగటు వ్యాసం 12 మి.మీ., 12 చుట్లు అనుకుంటే మి.మీ.కు 3.1 న్యూటన్లు. పన్నెండు కిలోల నమూనాలో తోక చక్రం కొంత మోస్తుంది కాబట్టి ఒక్కో కాలి మీద సుమారు 53 న్యూటన్లు పడతాయి. విమానం నిలబడి ఉన్నప్పుడే కాలు 17 మి.మీ. దిగుతుంది, దిగేటప్పటి దెబ్బకు ఇంకా చోటు మిగులుతుంది. ఈ లెక్కలో మీరు గమనించాల్సింది ఆ నాలుగో ఘాతమే. అదే స్ప్రింగును 1.8 మి.మీ. తీగతో చుడితే బిగువు 60 శాతం పెరుగుతుంది, కాలు దాదాపు కర్రలా అయిపోతుంది. తీగ మందాన్ని పాకెట్టు మీది అంకె చూసి నమ్మకుండా మైక్రోమీటరుతో కొలవండి. ఈ స్ప్రింగు బయటి వ్యాసం 13.6 మి.మీ. కాబట్టి సిలిండరు బోరు 14 కంటే కాస్త ఎక్కువే ఉంచండి.

స్ప్రింగు ఒక్కటే ఉంటే విమానం దిగగానే బంతిలా లేస్తుంది. పిస్టన్ పై కొసన ఒక ఓ-రింగు (రబ్బరు వలయం) పెట్టి, సిలిండరు మూతకు చిన్న బెజ్జం వేస్తే, లోపలి గాలి ఆ బెజ్జంలోంచి మెల్లగా వచ్చిపోతూ ఎగురును అణుస్తుంది. బెజ్జాన్ని ముందు బాగా సన్నగా వేసి, చేత్తో నొక్కి వదిలి చూస్తూ అవసరమైనంత మేరకే పెద్దది చేయండి.

చక్రం పక్కకు తిరగకుండా ఆపేవి సిజర్ లింకులు, అంటే సిలిండరునూ పిస్టన్‌నూ కత్తెరలా కలిపే మడత ముక్కలు. మస్టాంగ్‌లో ఇవి కాలి మీద బయటికే కనిపిస్తాయి, అంటే మోయడం, కనిపించడం రెండూ ఒకే ముక్కలో కలిసిన చోటు ఇది. మిల్లింగ్ యంత్రం లేకపోవడం ఇక్కడే ఇబ్బంది అనుకుంటారు గాని, ఆకురాయితో ఈ పని ఇంకా శుభ్రంగా వస్తుంది. 3 మి.మీ. 6061 పలక నుంచి నాలుగు ముక్కలు కోసి, సూపర్‌గ్లూతో ఒకదాని మీద ఒకటి అతికించి, పిన్ను బెజ్జాలను నాలుగింటికీ కలిపి ఒకేసారి వేయండి. తరువాత సిల్వర్ స్టీలు (కాల్చి గట్టిపరచగల ఉక్కు) కడ్డీ నుంచి, లింకు కొసకు కావలసిన గుండ్రం వ్యాసంలో రెండు బిళ్లలు తిప్పి, మధ్యలో బెజ్జం వేసి, చెర్రీ పండు ఎరుపుకు కాల్చి నీళ్లలో ముంచండి. ముక్కల కట్టకు అటొక బిళ్ల, ఇటొక బిళ్ల పెట్టి బోల్టు బిగించి, వైసులో పట్టి ఆకురాయితో రుద్దండి. అల్యూమినియం తెగినంతసేపూ ఆకురాయి గరగరలాడుతుంది. బిళ్లను తాకగానే చప్పుడు సన్నబడి, ఆకురాయి గాజు మీద జారినట్టు జారుతుంది. ఆపవలసిన చోటు అదే. కట్టను వేడి చేస్తే జిగురు వదిలి, నాలుగు కొసలూ ఒకే గుండ్రంతో చేతికొస్తాయి. పిన్నులకు కూడా రీమరు వేసిన బెజ్జాలే కావాలి. కాలి నడి గీతకు 15 మి.మీ. దూరంలో ఉన్న ఒక్క పిన్నులో 0.1 మి.మీ. వదులు ఉన్నా చక్రం దాదాపు 0.4 డిగ్రీ ఊగుతుంది. మూడు పిన్నుల వదులూ కలిస్తే డిగ్రీ దాటుతుంది, పరుగులో చక్రం వణకడం మొదలవుతుంది.

కాలు ఎక్కడ విరగాలో కూడా మీరే ముందుగా నిర్ణయించాలి. నా అభిప్రాయంలో కాలిని రెక్కలోని పలకకు బిగించే బోల్టులు మొదట తెగాలి. అవి తెగితే మార్చుకోవచ్చు. కాలు అన్నిటినీ తట్టుకుంటే ఆ దెబ్బ రెక్క స్పారుకు (రెక్క లోపలి ప్రధాన దూలానికి) చేరుతుంది.

ఇక టంకం సంగతి. వెండి 55 శాతం ఉన్న టంకం సుమారు 630 నుంచి 660 డిగ్రీల మధ్య కరుగుతుంది. ఇత్తడి కరగడం సుమారు 900 డిగ్రీల దగ్గర మొదలవుతుంది కాబట్టి మధ్యలో చాలినంత వ్యవధి ఉంది. టంకం గుండ్లుగా నిలబడిందంటే, మంట టంకాన్ని కరిగించింది గాని లోహాన్ని ఆ వేడికి తేలేదన్నమాట. లేదంటే లోహం వేడెక్కేలోపే ఫ్లక్స్ (టంకం పారేలా లోహాన్ని శుభ్రంగా ఉంచే పూత) మాడి నల్లబడింది. రెంటికీ మూలం చాలావరకు ఒక్కటే: సన్న మంటతో ఎక్కువసేపు కాల్చడం. పెద్ద, మెత్తటి మంట పెట్టి, ముక్క చుట్టూ తేలికపాటి ఇన్సులేటింగ్ ఇటుకలు నిలబెట్టి, దళసరి ముక్కను ముందు వేడి చేయండి. ఫ్లక్స్ మొదట తెల్లగా పొంగుతుంది, తరువాత ముద్దలా అణుగుతుంది, చివరికి నీళ్లలా తేటపడి లోహం మీద పరుచుకుంటుంది. అలా తేటపడ్డాకే టంకం కడ్డీని అతుకుకు తాకించాలి, అదీ మంట ఉన్న వైపు కాకుండా అవతలి వైపు నుంచి. టంకం వేడి ఉన్న వైపుకు పారుతుంది కాబట్టి అతుకంతా దాటుకుని మంట వైపు సన్నని వెండి గీతగా బయటపడుతుంది. ఆ గీత కనిపిస్తే అతుకు నిండినట్టే.

రెండు ముక్కల మధ్య సందు 0.05 నుంచి 0.1 మి.మీ. ఉండాలి. బిర్రుగా కొట్టి దూర్చిన గొట్టంలోకి టంకం పోదు, ఇది చాలామందికి తోచని విషయం. లేత్ కోసం అమ్మే ఇత్తడి కడ్డీలో సీసం కలిపి ఉంటుంది. అది వేడిగా ఉన్నప్పుడు పెళుసు, కదిపినా నీళ్లలో ముంచినా చిట్లవచ్చు, కాబట్టి చల్లారనివ్వండి. చల్లారాక ఫ్లక్స్ పెంకును వదిలించడానికి గోరువెచ్చని నిమ్మ ఉప్పు ద్రావణం చాలు, అందులో ఇనుప పటకారు పెట్టకండి. పెడితే ఇత్తడి మీద రాగి పూత ఎక్కుతుంది. ఒకే ముక్కకు పలు అతుకులు ఉంటే ప్రధానమైనవి వెండి టంకంతో ముందు చేసి, చిన్న అలంకారాలను సుమారు 190 డిగ్రీలకే కరిగే మామూలు సీసం టంకంతో తరువాత పెట్టండి, మొదటివి కదలవు. పాత నిల్వల్లోని కొన్ని వెండి టంకాల్లో కాడ్మియం ఉంటుంది, దాని పొగ ప్రాణాంతకం. కాడ్మియం లేనిదే కొనండి, అయినా కిటికీలు తెరిచే పని చేయండి. పియానో తీగకు వెండి టంకం వేయకండి. ఆ వేడికి తీగ బిగువు పోయి మామూలు కమ్మీ అవుతుంది. కాళ్ల వంటి అల్యూమినియం ముక్కల విషయంలో టంకం మాట మరిచిపోయి మరలు, పిన్నులు వాడండి.

ఎగ్జాస్టు గొట్టాలు పూర్తిగా కంటికే. మస్టాంగ్‌లోని మెర్లిన్ ఇంజనుకు పన్నెండు సిలిండర్లు, కాబట్టి ఒక్కో పక్కన ఆరు గొట్టాలు. ఒక్కోదాన్నీ విడిగా వంచుతూ కూర్చుంటే ఆరూ ఆరు రకాలుగా వస్తాయి. గొట్టాన్ని నిలువుగా రెండు సగాలుగా ఊహించుకుని, గట్టి చెక్కతోనో ఉక్కుతోనో ఎడమ సగానికొక అచ్చు, కుడి సగానికొక అచ్చు చేసుకోండి. 0.3 మి.మీ. రాగి రేకును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. దాన్ని అచ్చు మీద పెట్టి, వైసులో దళసరి రబ్బరు ముక్కతో నొక్కండి. ముడతలు రావడం మొదలైతే బలవంతం చేయకుండా తీసి, మళ్లీ కాల్చి నొక్కండి. అంచులు కత్తిరించి రెండు సగాలనూ వెండి టంకంతో అతికితే మధ్యన సన్నని గీత మిగులుతుంది. దాన్ని పూర్తిగా రుద్దేయకండి, అసలు గొట్టం మీది వెల్డింగు గీత స్థానంలో అది చక్కగా అమరుతుంది. మూతి దగ్గర లోపలి వైపు నుంచి ఆకురాయితో పలచబరిస్తే, 0.3 మి.మీ. రేకు అంచు 0.1 మి.మీ.లా కనిపిస్తుంది. గొట్టం నిజమైనదా బొమ్మదా అన్నది చూసేవారి కన్ను ఆ అంచు దగ్గరే తేల్చుకుంటుంది. గొట్టాలే వంచదలిస్తే లోపల పూర్తిగా ఆరిన ఇసుక నింపండి. తడి ఇసుకను కాలిస్తే ఆవిరికి మూత పేలుతుంది.

రేకు తొడగడం గురించి నా సలహా మీకు శ్రమ తగ్గిస్తుంది: రెక్కకు వద్దు. మస్టాంగ్ రెక్క మీద గాలి సాఫీగా పారాలని, తయారీలోనే ముందు అంచు నుంచి దాదాపు 40 శాతం వెడల్పు దాకా రివెట్లనూ అతుకులనూ పుట్టీతో పూడ్చి, రుద్ది, రెక్కకు అల్యూమినియం రంగు వేసేవారు. ఈనాడు ఎగిరే పునరుద్ధరించిన విమానాల్లో చాలావాటి రెక్కలు అద్దంలా మెరుస్తూ రివెట్లతో కనిపిస్తాయి గాని, యుద్ధకాలపు విమానం అలా ఉండేది కాదు. పైగా బరువు చూడండి. అసలు రెక్క వైశాల్యం 21.8 చదరపు మీటర్లు, మీ నమూనాకు 0.87. పైనా కిందా కలిపి 1.75 చదరపు మీటర్ల మేర 0.15 మి.మీ. రేకు తొడిగితే, జిగురు కాక 700 గ్రాములు. అసలులో లేని వివరం కోసం అంత బరువు ఎందుకు? తోకలోని రడ్డరు కూడా గుడ్డ కప్పినదే, దానికీ రేకు తగదు.

ఫ్యూజిలేజ్‌కు మాత్రం తొడగవచ్చు. అసలు రేకు ఒక మి.మీ.కు అటూ ఇటూ ఉంటే అయిదో వంతులో 0.2 మి.మీ. అవుతుంది, ఆఫ్‌సెట్ ముద్రణలో వాడి పారేసే అల్యూమినియం ప్లేట్లు దాదాపు అదే మందంలో దొరుకుతాయి. రసాయన పూత ఉన్న వైపు రుద్ది శుభ్రం చేయండి. వంపు తిరిగిన చోట్లకు మెత్తబరచాలి. అల్యూమినియం ఎర్రబడకుండానే కరిగిపోతుంది కాబట్టి బట్టల సబ్బును గుర్తుగా వాడాలి: రేకు మీద సబ్బు పూసి, కింద నుంచి మంటను కదుపుతూ కాల్చితే, సుమారు 350 డిగ్రీల దగ్గర సబ్బు గోధుమ రంగు దాటి నల్లబడుతుంది. అక్కడే మంట తీసేయాలి. తల ఉబికిన రివెట్లకు రేకును వెనక నుంచి మొద్దుమొనతో నొక్కాలి. సమంగా ఉండేవాటికి ముందు నుంచి, అంచు పదును పెట్టిన సన్న గొట్టంతో వలయం గీయాలి. ఎనిమిదో వంతు అంగుళం రివెట్టు గుండ్రటి తల అసలులో సుమారు 6.3 మి.మీ., అంటే మీకు 1.3 మి.మీ.కు కాస్త లోపే. దుకాణంలో దొరికే చాలా రివెట్టు చక్రాల గుర్తులు ఇంతకు సరిపోలవు, ముందు ఒక తునక మీద వేసి కొలుచుకోండి.

రేకును పొడుగాటి ఒకే ముక్కగా అతికించకండి. అర మీటరు అల్యూమినియం 30 డిగ్రీల ఎండ తేడాకు దాదాపు 0.35 మి.మీ. సాగుతుంది, కింది ఫైబర్‌గ్లాస్ అంత సాగదు, మధ్యలో బుడగ లేస్తుంది. అసలు విమానంలో పలకలు ఎక్కడ కలుస్తాయో అక్కడే కోస్తే ఈ సమస్య రాదు, చూడటానికీ సరిగ్గా ఉంటుంది. ఫ్యూజిలేజ్‌కు లోహం తొడిగాక లోపలి రిసీవరుకు సంకేతం తగ్గుతుంది కాబట్టి, 2.4 గిగాహెర్ట్జ్ యాంటెనాలను లోహం లేని చోటికి, కాక్‌పిట్ గాజు కిందకో రెక్కలోకో తీసుకెళ్లండి. తరువాత దూర పరీక్ష మళ్లీ చేయండి.

చిన్న బోల్టుల గురించి ఒక మాట. అసలులో 5/16 అంగుళాల బోల్టు తల ఎదురెదురు ముఖాల మధ్య 12.7 మి.మీ., మీ కొలతలో 2.5. అంగడిలో దొరికే ఎం1.6 బోల్టు తల 3.2 ఉంటుంది, ఫొటోలో కొట్టొచ్చినట్టు పెద్దదిగా కనిపిస్తుంది. 2.5 మి.మీ. షట్కోణ ఇత్తడి కడ్డీ కొని, లేత్ మీద ఒక కొసను 1.6కు దించి మర వేసుకోండి. పని విసుగైనదే గాని కష్టమేమీ కాదు.

లోహం కోసే ముందు ఒక్క పరీక్ష చేయండి. మీరు కొలతలు తీసుకున్న ఫొటోలన్నీ నేల మీద నిలబడిన విమానానివని రాశారు. వాటిలో కాలు బరువుకు దిగి ఉంటుంది. గాలిలో గేరు లోపలికి ముడుచుకునేటప్పుడు స్ప్రింగు పూర్తిగా చాచుకుని, పైన లెక్క వేసిన 17 మి.మీ. మేర కాలు పొడుగ్గా ఉంటుంది. ఫొటోలోని పొడవునే చాచిన పొడవుగా తీసుకుంటే విమానం నేల మీద మరీ కిందకు కూర్చుంటుంది, ప్రొపెల్లరు నేలకు దగ్గరవుతుంది. అలాగని 17 మి.మీ. కలిపితే చక్రం రెక్కలోని గూడు గోడకు తగలవచ్చు. కర్ర కడ్డీతో చాచిన పొడవుకు ఒక డమ్మీ కాలు చేసి, నిజమైన చక్రం తొడిగి, రెక్కలో బిగించి చేత్తో ముడిచి చూడండి. చక్రం చుట్టూ 3 మి.మీ. ఖాళీ లేకపోతే స్ప్రింగును మార్చి ఆ దిగుడును 10 మి.మీ.కు తగ్గించుకోవాలి. అదే 1.6 తీగతో చుట్లు ఏడుకు దించితే మి.మీ.కు 5.3 న్యూటన్లు వస్తాయి, సరిగ్గా ఆ దిగుడు కుదురుతుంది.